విజయవాడ ఎండల్లో అమ్మానాన్న ఇద్దరే ఉంటే

హాయ్ అండీ, నమస్తే. విజయవాడ నుంచి మాట్లాడుతున్నాను. రోహిణి కార్తె వచ్చేసింది. పొద్దున తొమ్మిదిన్నరకి బాల్కనీలో నిలబడితేనే మొహం చుర్రుమంటోంది. అమెరికాలో నేనుండే సియాటిల్‌లో బయల్దేరే ముందు తెలిసినవాళ్ళంతా ఒకటే మాట, ఈ ఎండల్లో ఎందుకు, హాయిగా డిసెంబర్‌లో వెళ్ళొచ్చు కదా అని. నేను కావాలనే మే నెలలో వచ్చాను. డిసెంబర్‌లో వస్తే అమ్మానాన్న ఎప్పుడూ హుషారుగానే కనిపిస్తారు. వేసవి ఎలా గడుపుతున్నారో తెలియాలంటే వేసవిలోనే వచ్చి చూడాలి.

మావాళ్ళది సత్యనారాయణపురంలో అపార్ట్‌మెంట్, అన్నిటికన్నా పై అంతస్తు. కొనేటప్పుడు గాలి బాగా వస్తుందని కొన్నారు. నెత్తిన డాబా తప్ప ఇంకేమీ లేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండంతా ఆ స్లాబే తాగుతుంది. వచ్చేటప్పుడు గదిలో వేడి చూపించే చిన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి తెచ్చాను. ఇదిగో, పడకగదిలో అలమరా మీద పెట్టాను, చూడండి. ఇప్పుడు సాయంత్రం ఆరున్నర. ఫోన్‌లో బయట 39 అంటోంది, గదిలో 38 ఉంది. సరే, రాత్రి మళ్ళీ చూద్దాం.

రాత్రి పదకొండయింది. బయట 32కి దిగింది. గదిలో ఎంతుందో చూడండి, 36. గోడ మీద చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా తగులుతోంది. పగలంతా తాగిన వేడిని స్లాబు ఇప్పుడు గదిలోకి వదులుతోంది. తెల్లవారుజామున మూడు, నాలుగు దాకా ఇంతేనట. అమ్మ మామూలుగా చెబుతోంది ఈ మాట, ప్రతి ఏడూ ఉండేదేగా అని. పగలు ఎండకి అలిసిన ఒళ్ళు రాత్రి చల్లబడాలి. ఆ చల్లబడే టైం దొరక్కుండా రోజు మీద రోజు గడిస్తే డెబ్బై ఏళ్ళ గుండె ఎంతకని తట్టుకుంటుంది?

నాకు ఇంత టెన్షన్ ఎందుకో చెబుతాను. 2021 జూన్ చివర్లో మా సియాటిల్‌లో ఎప్పుడూ చూడనంత ఎండ కాసింది. జూన్ 28న 42.2 డిగ్రీలు. ఏసీలు లేని ఇళ్ళు చాలా ఉన్న ఊరది. మాకు పైన, కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఆ ఒక్క వారంలో 619 మంది వేడికి చనిపోయారు. తర్వాత అక్కడి ప్రభుత్వం వాళ్ళెవరు, ఎక్కడ ఎలా పోయారు అని ఆరా తీసి రిపోర్ట్ ఇచ్చింది. నూటికి 98 మంది ఇళ్ళలాంటి చోట్లే, నాలుగు గోడల మధ్యే పోయారు. మూడింట రెండొంతుల మంది 70 దాటినవాళ్ళు. సగానికి పైగా ఒంటరిగా ఉంటున్నవాళ్ళు. అది చదివినప్పుడు నాకు మా వీధి గుర్తొచ్చింది. ఈ వీధిలో పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి, పెద్దవాళ్ళు మాత్రమే మిగిలిన ఇళ్ళు ఎన్నో.

మనం ఫోన్ చేసి ఏం చెబుతాం? ఎండలో బయటికి వెళ్ళకండి అంటాం. వాళ్ళు సరే అంటారు, నిజంగానే వెళ్ళరు కూడా. ఆ ఇల్లే వేడెక్కిపోతుంటే ఏం చేయాలో మాత్రం మనం మాట్లాడుకోం.

ఇంకో సంగతి. ఇక్కడ మధ్యాహ్నం మూడు గంటలకి సియాటిల్‌లో తెల్లవారుజాము రెండున్నర. వేడి బాగా ముదిరే టైంలో మనం గాఢ నిద్రలో ఉంటాం. మన కాల్ వచ్చేసరికి ఇక్కడ పొద్దున్నో రాత్రో అయి ఉంటుంది. మొహం కడుక్కుని, మంచి చీర కట్టుకుని వీడియో కాల్‌లో కూర్చుంటారు. బానే ఉన్నామమ్మా, నువ్వు తిన్నావా అంటారు.

మొన్న మా బిల్డింగ్‌లోనే జరిగింది. కింద అంతస్తులో ఒక పిన్నిగారు ఒక్కరే ఉంటారు, కూతురు మెల్‌బోర్న్‌లో. అమ్మ రోజూ నాలుగింటికి, టీ పెట్టేముందు ఆవిడకి ఫోన్ చేస్తుంది. మొన్న ఆవిడ ఎత్తలేదు. రెండోసారీ ఎత్తకపోయేసరికి అమ్మ కంగారుపడి, మా దగ్గరుండే తాళంచెవి తీసుకుని నన్ను రమ్మంది. తలుపు తీసి లోపలికి వెళ్తే వేడి ఒక్కసారిగా మొహానికి కొట్టింది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. పైన ఫ్యాన్ తిరుగుతోంది. ఏసీ ఉంది, ఆపి ఉంది. పిన్నిగారూ అని పిలిస్తే కళ్ళు తెరిచారు, కానీ నన్ను వాళ్ళమ్మాయి అనుకుని, బడికి టైం అవుతోంది లేవమంటున్నారు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. చెమట చుక్క లేదు.

మాట తడబడినా, మనిషిని గుర్తుపట్టకపోయినా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బే అనుకోవాలి. నీరసం, తలనొప్పి, విపరీతంగా చెమట, పిక్కలు పట్టెయ్యడం దాకా అయితే నీడకి చేర్చి, నీళ్ళు తాగించి, పడుకోబెట్టి చూడొచ్చు. మతి తప్పిందంటే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. నాన్న 108కి ఫోన్ చేశారు. ఈలోపు అమ్మా నేనూ ఆవిడ చీర వదులు చేసి, బకెట్‌లో నీళ్ళు ఒంటి మీద పోశాం. తువ్వాళ్ళు తడిపి కప్పి, టేబుల్ ఫ్యాన్ దగ్గరగా పెట్టాం. ఫ్రిజ్‌లో ఉన్న ఐస్ గుడ్డలో చుట్టి మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో పెట్టాం. తువ్వాలు వెచ్చబడగానే మళ్ళీ తడపడం. పక్కింటి బాబాయిగారు పాపం నిమ్మకాయ నీళ్ళు కలుపుకొచ్చి నోట్లో పోయబోతే అమ్మ ఆపింది. స్పృహ సరిగా లేనివాళ్ళకి ఏం తాగించినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. జ్వరం మాత్ర వేద్దామా అని ఎవరో అన్నారు. వడదెబ్బకి పారాసిటమాల్ పనిచెయ్యదు, ఇది జ్వరం లాంటిది కాదు కాబట్టి. అంబులెన్స్ వచ్చేదాకా చల్లబరచడం ఒక్కటే మన చేతుల్లో ఉన్న వైద్యం.

పిన్నిగారు కోలుకుని ఇంటికొచ్చారు. ఆవిడ బీపీకి వేసుకునే వాటిల్లో ఒంట్లో నీరు తీసేసే మాత్ర ఒకటుందని, వేసవిలో దాన్ని జాగ్రత్తగా చూసుకోవాలని డాక్టర్ చెప్పారు. బీపీ మందులు, నిద్రకీ మనసుకీ సంబంధించిన మందులు కొన్ని వేడిని తట్టుకునే శక్తి తగ్గిస్తాయి. మీ పెద్దవాళ్ళ మందుల చీటీ ఒకసారి డాక్టర్‌కి చూపించి, ఎండాకాలంలో ఏమైనా మార్చాలా అని అడగండి. మనంతట మనం మాత్రం ఆపెయ్యకూడదు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు నీళ్ళెన్ని తాగాలో కూడా డాక్టర్‌నే అడగాలి.

ఏసీ ఎందుకు ఆపారండీ అంటే పిన్నిగారు చెప్పింది వినండి: నా ఒక్కదానికీ ఎందుకమ్మా, బిల్లు వస్తుంది. వాళ్ళమ్మాయి నెలనెలా డబ్బు పంపిస్తూనే ఉంటుంది. అయినా మన పెద్దవాళ్ళు తమ కోసం ఖర్చు పెట్టుకోరు. అందుకే నేను మా ఇంటి కరెంట్ బిల్లు నా ఫోన్ నుంచే కడుతున్నాను, అమ్మకి చూపించను. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఏసీ 27లో పెట్టి, తోడుగా ఫ్యాన్ వేసుకోమని. ఫ్యాన్ తోడైతే గది ఇంకో నాలుగు డిగ్రీలు చల్లగా అనిపిస్తుంది. ఇల్లంతా చల్లబరచక్కర్లేదు. ఒక్క గది చాలు, మధ్యాహ్నం ఇద్దరూ అందులోనే ఉండాలి. గదిలో 40 దాటితే మాత్రం ఉత్త ఫ్యాన్ వేడిగాలినే ఒంటికి కొడుతుంది. అలాంటప్పుడు ఒళ్ళు తడుపుకుంటూ ఉండాలి.

విజయవాడ వేడి సంగతి కూడా ఒక మాట చెప్పాలి. చుట్టూ ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం, గుణదల కొండలు, పగలంతా కాగే రాళ్ళు. మధ్యాహ్నం పడమటి నుంచి పొడి వడగాలి. సముద్రం మచిలీపట్నంలో ఉంది, ఇక్కడికి దాదాపు 70 కిలోమీటర్లు. సాయంత్రం అటు నుంచి గాలి తిరిగితే ఫోన్‌లో నంబర్ తగ్గుతుంది, తేమ మాత్రం పెరుగుతుంది. చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అందుకే ఇక్కడ 38 డిగ్రీల ఉక్కపోత రోజుని చిన్నచూపు చూడకండి. 2015 మే నెలాఖరులో దేశంలో వడదెబ్బకి రెండు వేల మందికి పైగా పోతే, వాళ్ళలో ఎక్కువ మంది మన రెండు తెలుగు రాష్ట్రాల వాళ్ళే. ఇప్పుడు విపత్తుల నిర్వహణ సంస్థ మర్నాడు ఏ మండలంలో వడగాల్పులు, ఎక్కడ తీవ్ర వడగాల్పులు అని ముందురోజే చెబుతోంది. నాన్న రోజూ సాయంత్రం టీవీలో అది చూసి మర్నాటి పనులు అనుకుంటారు.

మా అమ్మ వేసవి దినచర్య మొత్తం చూపించాలని ఉంది, ముఖ్యమైనవి చెబుతాను. వంట ఎనిమిదింటికల్లా అయిపోవాలి, ఆ తర్వాత స్టవ్ ముట్టుకోదు. తెల్లారకుండానే రెండు బకెట్లు నింపి బాత్రూంలో పెడుతుంది. మధ్యాహ్నం కుళాయి తిప్పితే ట్యాంకులో కాగిన నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తాయి. పిన్నిగారి ఇంట్లోనూ అలా పట్టి ఉంచిన బకెట్టే ఆ రోజు అక్కరకొచ్చింది. పడమటి కిటికీకి బయటివైపు వట్టివేళ్ళ చాప కట్టించింది, మధ్యాహ్నం దాని మీద నీళ్ళు చల్లితే గది నిండా కమ్మటి వాసన. పొద్దున రాగి అంబలి, పదకొండింటికి అల్లం, కరివేపాకు, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ. సాయంత్రం బండి మీద ముంజలు. లేతవి ఏరుకోవడంలో నాన్నకి సాటి లేరు. బొటనవేలితో మెల్లగా నొక్కి చూస్తారు, లోపల నీరు కదిలితేనే తీసుకుంటారు. మా పాప మొదటి ముంజ కొరకగానే ఆ నీరంతా గౌను మీద చిమ్మింది, చల్లగా ఉందమ్మా అని ఇంకోటి అడిగింది.

పాపని చూపించాను కాబట్టి పిల్లలతో వచ్చేవాళ్ళకి కూడా చెబుతాను. వేడికి ఒళ్ళు అలవాటు పడటానికి వారం, రెండు వారాలు పడుతుంది. మనం ఇక్కడే పుట్టి పెరిగినా చల్లటి దేశంలో ఉండి వస్తే ఆ అలవాటు పోతుంది. అమెరికాలో కార్మికుల భద్రత చూసే ఓషా లెక్క ప్రకారం, వేడికి పనిచోట చనిపోయినవాళ్ళలో దాదాపు సగం మంది పనిలో చేరిన మొదటి రోజే పోయారు, నూటికి 70 మంది మొదటి వారంలోనే. కాబట్టి దిగిన మర్నాడే పన్నెండింటికి బీసెంట్ రోడ్డులో షాపింగులు, దుర్గమ్మ కొండ మెట్లు పెట్టుకోకండి. గుడికి తెల్లవారుజామునే వెళ్ళండి. ఆగి ఉన్న కారులో పిల్లల్ని రెండు నిమిషాలకి కూడా వదలకండి, పది నిమిషాల్లోనే లోపల పది డిగ్రీల దాకా పెరుగుతుంది.

ఓఆర్‌ఎస్ ఇంట్లో ఉండాలి. కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చదవండి, లీటరు నీళ్ళలో కలిపే, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి తీసుకోండి. తియ్యటి డ్రింకులు డబ్బాల్లో పోసి ఓఆర్‌ఎస్ పేరుతో అమ్ముతున్నారని హైదరాబాద్‌కి చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడారు. ఫార్ములా లేని డ్రింకుల మీద ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనే మన దేశ ఆహార భద్రతా సంస్థ ఆర్డర్ ఇచ్చింది. ఆవిడకి మనమంతా రుణపడి ఉన్నాం. పొడి దొరక్కపోతే లీటరు నీళ్ళలో ఆరు టీ స్పూన్ల పంచదార, అర టీ స్పూను ఉప్పు, తల కొట్టి కొలవాలి. షుగర్ ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడిగి వాడాలి.

నేను తిరిగి వెళ్ళేలోపు చేసిపెడుతున్న ఏర్పాట్లు ఇవి. పడకగదిలో ఉన్న ఈ థర్మామీటర్‌ని వైఫైకి కలిపాను, సియాటిల్‌లో నా ఫోన్‌లో కనిపిస్తుంది. 35 దాటితే మోగుతుంది. మోగితే నేను ఇక్కడ కింద ఇంట్లో ఉండే కుర్రాడికి ఫోన్ చేస్తాను, అతను పైకి వెళ్ళి చూస్తాడు. అతనికీ వాళ్ళమ్మకీ ముందే చెప్పి ఒప్పించాను, మా తాళంచెవి ఒకటి వాళ్ళ దగ్గర పెట్టాను. పిన్నిగారి కూతురితో కూడా మాట్లాడాను. మెల్‌బోర్న్‌లో అప్పటికి ఇంకా మెలకువగానే ఉంటారు కాబట్టి, మధ్యాహ్నం మూడింటి కాల్ మా అమ్మకీ వాళ్ళమ్మకీ కలిపి ఆ అమ్మాయే చేస్తానంది. రాత్రి పదింటి కాల్ ఇద్దరికీ నాది. ఎలా ఉన్నారు అని అడగం. గదిలో ఎంతుంది, ఏసీ వేశారా, ఇవాళ మూత్రం ఎన్నిసార్లు వచ్చింది, ముదురు పసుపు రంగులో ఉందా, ఇవే ప్రశ్నలు. మొదట్లో అమ్మ సిగ్గుపడింది, ఇప్పుడు అడక్కుండానే చెబుతోంది.

డాబాకి సున్నం వేయించడం ఒక్కటి మిగిలింది. తెల్లటి పూత ఎండని వెనక్కి కొడుతుంది, తక్కువ ఖర్చులో పై అంతస్తుకి అంత మేలు చేసేది ఇంకోటి లేదు. మేస్త్రి రేపు తెల్లవారుజామున ఐదున్నరకి వస్తానన్నాడు. ఎండెక్కేలోపు, తొమ్మిదికల్లా పనివాళ్ళు కిందికి దిగిపోవాలని, మిగిలింది ఎల్లుండి పొద్దున చేయొచ్చని నాన్న గట్టిగా చెప్పారు. పూత ఆరాక రాత్రి పదకొండింటికి గదిలో ఎంతుందో ఇదే థర్మామీటర్‌తో వచ్చే వీడియోలో చూపిస్తాను.