ముక్కు శస్త్రచికిత్సకు బ్యాంకాక్ ప్రయాణం: ఈ బడ్జెట్ యాప్‌కు చందా కట్టవచ్చా?

ప్రేక్షకులందరికీ హనుమకొండ నుంచి నమస్కారం. విదేశాల్లో సౌందర్య శస్త్రచికిత్స చేయించుకునేవారి కోసం తయారైన ఈ బడ్జెట్ యాప్ ఏడాది చందాను నిర్వాహకులే నాకు ఉచితంగా ఇచ్చారు; అయినా ఈ వీడియోను ముందుగా వారికి చూపించలేదు. ఇందులోని హంగులన్నీ మీరు వేరే చోట చూసే ఉంటారు కనుక, బ్యాంకాక్‌లో ముక్కు సరిచేయించుకోవడానికి నేను వేసుకుంటున్న లెక్కకు ఇది ఎంతవరకు పనికొచ్చిందో మాత్రమే చెబుతాను.

తెర మీద చూడండి. శస్త్రచికిత్స తేదీ నమోదు చేయగానే, టికెట్ చవకగా ఉందన్న ఒక్క కారణంతో నాలుగో రోజు విమానాన్ని తానే ఎంచుకొని, పక్కన ఆకుపచ్చ గుర్తుతో “ఆదా” అని చూపిస్తోంది. నాకు కోపం తెప్పించింది ఇదే. ముక్కు ఆకారం కదలకుండా పైన పెట్టే గట్టి పట్టీని, అంటే స్ప్లింట్‌ను, సాధారణంగా వారం రోజులకు తీస్తారు. ముఖానికి శస్త్రచికిత్స జరిగినవారు 7 నుంచి 10 రోజులు ఆగి విమానం ఎక్కాలని బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్ఎస్ సూచిస్తుంది. రక్తస్రావమో ఇన్ఫెక్షనో అయితే చూడవలసిన సర్జన్‌ను అక్కడే వదిలి రమ్మనే సలహాను ఆదా అనడం నాకు మింగుడుపడలేదు. తేదీని మనం మార్చుకోవచ్చు, కానీ మార్చిన ప్రతిసారీ మొత్తం ఎర్రబడి “బడ్జెట్ దాటింది” అని హెచ్చరిస్తుంది. రూపాయి రూపాయి కూడబెట్టుకొని వెళ్లే మనిషి ఆ ఎర్ర అక్షరాలకు తలొగ్గే ప్రమాదం ఉంది.

ఇంతకుముందు నేను వాడిన ఎక్సెల్ పట్టికలో ఇన్ని సోకులు లేవు గానీ, అదనపు రోజుల గది అద్దెకు, తోడు వచ్చే మా చిన్నమ్మ ఖర్చుకు విడివిడిగా వరుసలు పెట్టుకున్నాను. ఈ యాప్ లెక్క శంషాబాద్‌లో మొదలై శంషాబాద్‌లోనే ముగుస్తుంది; వరంగల్ వాళ్ల ప్రయాణం అక్కడ ముగియదు. వంగకూడదు, బరువులెత్తకూడదు అని వైద్యులు చెప్పిన మనిషి పెట్టెలతో సికింద్రాబాద్ చేరి, రద్దీ రైలెక్కి కాజీపేటలో దిగడం అయ్యే పని కాదు. భువనగిరి, జనగామ మీదుగా ఇంటిదాకా కారు కిరాయిని మొదటి రోజే లెక్కలో రాసుకోవాలి.

విదేశాల్లో కార్డు వాడితే బ్యాంకు వేసే అదనపు రుసుమును (మార్కప్), దానిపై జీఎస్టీని థాయ్ కరెన్సీ బాట్ రేటుకు కలిపి చూపడం మాత్రం నిజంగా బాగుంది.

బీమా దగ్గర మళ్లీ నిరాశే. అందం కోసం చేయించుకునే శస్త్రచికిత్స మన ఆరోగ్య బీమాకూ మామూలు ప్రయాణ బీమాకూ సాధారణంగా వర్తించదని యాప్ ఎక్కడా చెప్పదు. ముక్కు వాపు పూర్తిగా తగ్గడానికి ఏడాది వరకు పట్టవచ్చు. సరిదిద్దే రెండో శస్త్రచికిత్సకు కూడా సర్జన్లు సాధారణంగా అంతకాలం ఆగమంటారు. అంటే మళ్లీ టికెట్లు, మళ్లీ గది, మళ్లీ సెలవు. రెండోసారి సర్జన్ ఫీజు ఉచితమని ఆసుపత్రి చెప్పినా, మత్తు మందు, థియేటర్ చార్జీలు ఎవరు భరించాలో రాతపూర్వకంగా తీసుకోవాలి. యాప్‌లో దీనికి గడే లేదు.

అందువల్ల చందా కట్టవద్దనే చెబుతున్నాను. తిరుగు తేదీని టికెట్ ధరను బట్టి కాకుండా సర్జన్ అనుమతిని బట్టి నిర్ణయించేలా మారిస్తే, దీన్ని మళ్లీ పరీక్షించి మరో వీడియో చేస్తాను.