రెండు శాతం కోసం బోస్టన్ దాకా

శ్రోతలందరికీ నమస్కారం.

ఈ పూట మీకు ఒక దీవి కథ చెబుతాను. ఊరికి డబ్బు కావాలి. ఎలా వసూలు చేయాలో కూడా ఊరికి తెలుసు. కానీ అనుమతి మాత్రం రాష్ట్రం చేతిలో ఉంది. అప్పుడు ఆ ఊరు ఏం చేసిందో చూద్దాం.

దీవి పేరు నాంటకెట్. అమెరికాలో మసాచుసెట్స్ తీరానికి దూరంగా, సముద్రం మధ్యలో ఉంటుంది. ఒకప్పుడు తిమింగలాల వేటకు పేరున్న ఊరు. 1980ల మొదట్లో అక్కడ వేసవి ఇళ్ల మోజు పెరిగింది. చిన్నప్పటి నుంచీ అందరూ తిరిగిన బీడు నేలలు, బీచ్‌కి వెళ్లే దారులు ఒక్కొక్కటీ ఇళ్ల స్థలాలైపోతున్నాయి. ఊరివాళ్లకి ఒక ఆలోచన వచ్చింది. దీవిలో ఇల్లుగానీ స్థలంగానీ అమ్ముడైతే, కొన్నవాళ్లు ధరలో రెండు శాతం ఊరికి కట్టాలి. లక్ష డాలర్ల స్థలానికి రెండు వేల డాలర్లు. ఆ డబ్బుతో ఊరే ఖాళీ నేల కొని, అందరి కోసం అలాగే ఉంచేస్తుంది. అమ్మకాలు పెరిగేకొద్దీ, నేలను కాపాడే డబ్బూ పెరుగుతుంది. ఎంత తెలివైన లెక్క!

మరి వెంటనే మొదలుపెట్టవచ్చు కదా అంటారు. కుదరదు. మసాచుసెట్స్‌లో ఊళ్లకు స్వపరిపాలన ఇచ్చిన రాజ్యాంగ సవరణ 1966లో వచ్చింది. అందులో పన్ను వేసే అధికారాన్ని మాత్రం రాష్ట్రం తన దగ్గరే ఉంచుకుంది. కొత్త రుసుము కావాలంటే ముందు టౌన్ మీటింగ్‌లో, అంటే ఊరి ఓటర్లే కూర్చుని నిర్ణయాలు తీసుకునే సభలో, ఓటు వేయాలి. ఆ ఊరి శాసనసభ్యుడు దాన్ని బిల్లుగా రాష్ట్ర రాజధాని బోస్టన్‌లో పెట్టాలి. 160 మంది ఉన్న ప్రతినిధుల సభ, 40 మంది ఉన్న సెనేట్, రెండూ ఒప్పుకోవాలి. ఆపైన గవర్నర్ సంతకం. దీన్నే హోమ్ రూల్ పిటిషన్ అంటారు.

నాంటకెట్ వాళ్లు ఓటు వేశారు, బోస్టన్ దాకా వెళ్లారు. 1983లో చట్టం వచ్చింది. ఆ రెండు శాతంతో నేల కొనే సంస్థ, ల్యాండ్ బ్యాంక్ పుట్టింది. దేశంలో ఆ తరహాలో అదే మొదటిది. ఈరోజు ఆ సంస్థ చేతిలో 3,000 ఎకరాలకు పైగా నేల ఉంది. మూడేళ్లకే పక్క దీవి మార్తాస్ వినియార్డ్ కూడా అదే బాట పట్టింది.

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. నేల మిగిలింది గానీ, ఇళ్ల ధరలు ఆకాశానికి వెళ్లాయి. టీచర్లకి, నర్సులకి, వంట పనివాళ్లకి దీవిలో ఇల్లు దొరకదు. ఊరు మళ్లీ అదే పద్ధతిలో అడిగింది: ఖరీదైన ఇళ్ల అమ్మకాల మీద చిన్న రుసుము, ఆ డబ్బుతో స్థానికులకు ఇళ్లు. టౌన్ మీటింగ్ ఓటు వేసింది. బోస్టన్‌లో ఆగిపోయింది. మళ్లీ వేసింది. మళ్లీ ఆగిపోయింది. రియల్ ఎస్టేట్ వర్గాలు గట్టిగా అడ్డుపడ్డాయి. రాష్ట్రంలో ఏ ఊరైనా ఇలాంటి రుసుము పెట్టుకునే వీలు కల్పిద్దామని చివరికి గవర్నరే ప్రతిపాదించారు. 2024లో గృహ నిర్మాణ చట్టం వచ్చేసరికి ఆ ముక్క అందులో లేదు. నాకు ఇది బాధగానే ఉంటుంది. ఊరు ఓటు వేసి అడిగినదాన్ని కనీసం సభలో ఓటింగ్‌కి తేవాలి కదా.

నేను అదే రాష్ట్రంలో ఒక చిన్న టౌన్‌లో ఉంటాను. మా టౌన్ మీటింగ్ స్కూల్ జిమ్‌లో జరుగుతుంది. మడత కుర్చీలు, చేతిలో రంగు కార్డు. అవుననేవాళ్లు కార్డు పైకెత్తాలి. ఒక ఏడాది ఒకావిడ లేచి, స్కూల్ బస్సుల ఖర్చు ఇంత ఎందుకు పెరిగిందని అడిగారు. మాది నాలుగైదు ఊళ్లు కలిసి నడుపుకునే ప్రాంతీయ స్కూలు. అలాంటి స్కూళ్ల బస్సు ఖర్చు మొత్తం రాష్ట్రమే తిరిగి ఇవ్వాలని చట్టంలో ఉంది. దాని పక్కనే ఇంకో మాట కూడా ఉంది: బడ్జెట్‌లో కేటాయింపును బట్టి. ఆ ఒక్క మాట వల్లే చాలా ఏళ్లు పూర్తి డబ్బు రాలేదు. మిగతాది ఊరే భరించాలి. ఊరేమో ప్రాపర్టీ ట్యాక్స్ మొత్తాన్ని ఏడాదికి రెండున్నర శాతానికి మించి పెంచుకోలేదు. కొత్త కట్టడాల లెక్క వేరు. అంతకు మించి కావాలంటే మళ్లీ జనం ఓటు. 1980లో జనమే ఓటు వేసి తెచ్చుకున్న పరిమితి అది.

అందుకే మీరు ఇలాంటి ఊళ్లో ఉంటే ఒక్క పని చేయండి. ఒక్కటే. మీ శాసనసభ్యుడి దగ్గరికి ముందుగా వెళ్లండి. గవర్నర్ బడ్జెట్ జనవరిలో వస్తుంది. ప్రతినిధుల సభ ఏప్రిల్‌లో, సెనేట్ మేలో తమ తమ బడ్జెట్లు తయారు చేస్తాయి. జులై 1న కొత్త ఆర్థిక సంవత్సరం. జూన్‌లో వెళ్లి అడిగితే అప్పటికే పంపకాలు దాదాపు అయిపోతాయి. జనవరికి ముందే వెళ్లండి. పది కోరికలు వద్దు, ఒక్క కోరిక తీసుకెళ్లండి. ఒక్క కాగితం. అందులో ఎంత ఖర్చయిందో, రాష్ట్రం ఎంత ఇచ్చిందో, ఎంత తక్కువైందో రాయండి. కింద టౌన్ మీటింగ్ జరిగిన తేదీ, ఎన్ని కార్డులు పైకి లేచాయో ఆ లెక్క.

జిమ్‌లో లేచి అడిగిన ఆవిడ ఆ తర్వాతి డిసెంబరులో అలాంటి కాగితమే పట్టుకుని మా ప్రతినిధిని కలిశారు. ఆయన చదివి, పెన్ను తీసి, ఒక అంకె కింద గీత గీశారట. తక్కువైన డబ్బు అంకె కింద.