పాల్ సైమన్ 'సెవెన్ సామ్స్' 33 నిమిషాలు ఏకబిగిన వినడం ఎలా? ఫోన్ సెట్టింగ్స్‌తో సహా

నమస్కారమండి. వెనకాల ఆ చప్పుడు కాలవ అవతల కోత మిషన్‌ది. దాళ్వా కోతలు నడుస్తున్నాయి, అది ఆగేదాకా ఆగితే ఈ వీడియో ఈ వారం రాదు, అందుకని మొదలెట్టేస్తున్నాను.

ఈరోజు ఒక ఆల్బమ్ ఎలా వినాలో చూపిస్తాను. వినడానికి కూడా వీడియో ఎందుకు అంటారేమో, కానీ దీనికి నిజంగా కావాలండి. ఇదిగో, స్క్రీన్ మీద చూడండి, పాల్ సైమన్, సెవెన్ సామ్స్. 2023 మే 19న వచ్చింది, అప్పటికి ఆయనకి 81 ఏళ్లు. 1960లలో సైమన్ అండ్ గార్ఫంకెల్ జంట ఉండేది కదా, అందులో పాటలు రాసి గిటార్ వాయించింది ఈయనే. ఇప్పుడు ట్రాక్ లిస్ట్ చూడండి. ఒకటే ట్రాక్. 33 నిమిషాలు. లోపల ఏడు భాగాలున్నాయి, కానీ విడగొట్టి ఇవ్వలేదు. మొదలెడితే చివరిదాకా ఆగకుండా వినాలని ఆయన కావాలనే అలా పెట్టాడు.

సరే, యాప్ తెరవండి, సెర్చ్‌లో కొట్టండి. సామ్స్ అన్నదానికి ముందు ఇంగ్లీషులో 'పి' ఉంటుంది, పలకరు గానీ టైప్ చేయాలి, లేకపోతే ఏవేవో వస్తాయి. ఇదిగో వచ్చింది. ఇక్కడ బాణం గుర్తు, డౌన్‌లోడ్. క్వాలిటీ హై పెట్టండి. డబ్బు కట్టిన అకౌంట్ అయితేనే డౌన్‌లోడ్ అవుతుంది, అది మీకు తెలిసిందే. అయిపోయింది. ముందుకెళ్దాం.

ఇప్పుడు ఈక్వలైజర్, అంటే పాటలో లావు శబ్దం, సన్న శబ్దం ఎంతెంత వినబడాలో సర్దే సెట్టింగ్. ఇక్కడ కాస్త నిదానంగా చూడండి, నేను వారం రోజులు ఇరుక్కున్నది ఇక్కడే. మొదటిసారి విన్నప్పుడు గిటార్ కింది తీగలు గుమ్ముగుమ్మని మోగుతున్నాయి, గొంతు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది. రికార్డింగే బాగోలేదు అనుకున్నాను. పెద్దాయన కదా, గొంతు అలా అయిపోయింది కాబోలు అని మా బాబాయితో కూడా అన్నాను, ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధేస్తుంది. అసలు సంగతేంటంటే, సంక్రాంతికి ప్రభల తీర్థం వెళ్లినప్పుడు తీన్‌మార్ పాటల కోసం ఫోన్‌లో బేస్ బూస్ట్, అంటే లావు మోతని పెంచేది, పెట్టుకున్నాను, అది అలాగే ఉండిపోయింది. సరే అని యాప్‌లో ఈక్వలైజర్ ఆపేశాను. ఇదిగో ఇక్కడ, ఇలా ఆఫ్. మళ్లీ విన్నాను. అదే గుమ్ముగుమ్ము.

ఎందుకంటే ఈక్వలైజర్ ఒక్కచోట ఉండదండి. యాప్‌లో ఒకటి, ఫోన్ సౌండ్ సెట్టింగ్స్‌లో ఒకటి, మీ ఇయర్‌బడ్స్‌కి సొంత యాప్ ఉంటే దాంట్లో ఇంకొకటి. మూడూ ఒకదాని మీద ఒకటి పనిచేస్తాయి. ఒకటి ఆపితే మిగతా రెండూ ఆగవు. నాకు మూడోది దొరికేసరికి వారం పట్టింది. చూడండి, ఒకటి, ఇక్కడ. రెండు, సెట్టింగ్స్‌లో సౌండ్, కిందికి, ఇంకా కిందికి, ఇదిగో. మూడు, బడ్స్ యాప్. మూడూ ఆఫ్ చేయండి, ఆఫ్ లేకపోతే 'ఫ్లాట్' లేదా 'నార్మల్' అని ఉంటుంది, అది పెట్టండి. ఆల్బమ్ అంతా దాదాపు ఆయన గొంతు, చేతిలో గిటార్, అక్కడక్కడ గంటల్లాంటి మోతలు, అంతే. డ్రమ్స్ దరువు ఉండి ఉంటే బేస్ కాస్త ఎక్కువైనా చెల్లిపోయేది. ఇక్కడ తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా పాటలో భాగమే, అది బేస్ కింద మునిగిపోతే ఇంకేం విన్నట్టు! మూడూ ఆపాక విన్నాను చూడండి, ఆయన నా పక్కన అరుగు మీద కూర్చుని పాడుతున్నట్టే ఉంది.

ఇంకో చిన్న సెట్టింగ్, ఇది అందరికీ కాదు. సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, అందులో 'మోనో ఆడియో'. మా బాబాయికి ఒక చెవి సరిగ్గా వినబడదు, ఇది ఆన్ చేస్తే రెండు వైపుల శబ్దమూ మంచి చెవిలోకే వస్తుంది. ఈ ఆల్బమ్ చేస్తుండగానే పాల్ సైమన్‌కి ఎడమ చెవి వినికిడి దాదాపు పోయింది. ఆ స్థితిలో పూర్తి చేశాడు. అందుకని ఈ సెట్టింగ్ చూపించకుండా ఉండలేకపోయాను, మీ ఇంట్లో పెద్దవాళ్లకి తప్పకుండా పెట్టి ఇవ్వండి.

తర్వాత ఏరోప్లేన్ మోడ్. ఇది నా షార్ట్‌కట్. పైనుంచి కిందికి లాగండి, నొక్కండి. కాల్స్ రావు, మెసేజ్‌లు రావు, అన్నిటికన్నా ముఖ్యం, పాట అయిపోగానే యాప్ తనంతట తాను ఇంకో పాట అందుకోలేదు. బ్లూటూత్ పోతే మళ్లీ ఆన్ చేసుకోండి. నేనైతే ఇప్పుడు వైరున్న ఇయర్‌ఫోన్సే వాడతాను, చార్జింగ్ టెన్షన్ ఉండదు.

ఎప్పుడు వినాలి? తెల్లవారుజామున. 2019 జనవరి 15న ఆయనకి కల వచ్చిందట, నువ్వు సెవెన్ సామ్స్ అనేది రాస్తున్నావు అని. ఆ తర్వాత వారంలో రెండు మూడు రోజులు మూడున్నరకీ ఐదుకీ మధ్య మెలకువ వచ్చేదట, మాటలు వాటంతటవే వస్తుంటే లేచి రాసుకునేవాడట. అంతకు ముందు ఏడాదే, 2018లో, వీడ్కోలు టూర్ కూడా ముగించేశాడు. మన వైపు ఆ వేళకి గుడి మైకు, చర్చి మైకు మొదలైపోతాయి, ధనుర్మాసం అయితే చెప్పక్కర్లేదు, కాబట్టి మీ ఊరి మైకు టైమ్ చూసుకుని ఓ గంట ముందే లేవండి.

సామ్స్ అంటే కీర్తనలు, బైబిల్లో కీర్తనల గ్రంథం ఉంది కదా, అవి 150. నరసాపురం వైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు, యెహోవా నా కాపరి అని చిన్నప్పుడే కంఠతా వచ్చేసి ఉంటుంది. కానీ ఈయనవి పూర్తి నమ్మకంతో పాడినవి కావు. ఒక మాటలో పొగుడుతాడు, ఇంకో మాటలో సందేహపడతాడు. నాకు వినగానే రామదాసు గుర్తొచ్చాడు, గోల్కొండ చెరసాలలోంచి రాముణ్ణి నిలదీశాడు చూడండి, ఆ చనువు. ఏడింటిలో మొదటిది 'ది లార్డ్', అందులో ప్రభువుని ఇంజినీర్ అంటాడు. ఆయన ఉద్దేశం ఏదైనా, మన డెల్టాలో ఇంజినీర్ అంటే గుర్తొచ్చేది కాటన్ దొరే కదండి, ధవళేశ్వరం ఆనకట్ట కట్టి ఈ కాలవలకి నీళ్లిచ్చిన మనిషి, ఆయన్ని తలుచుకుని గోదావరి స్నానం చేసే శ్లోకమే ఉంది మనకి. అదే పాటలో పైకి లేస్తున్న సముద్రాన్ని కూడా ప్రభువే అంటాడు. ఉప్పాడ దగ్గర కోసుకుపోయిన ఒడ్డు చూసినవాడిని, ఆ మాట దగ్గర నాకు ఒళ్లు జలదరించింది. ఈ పల్లవి మధ్యమధ్యలో తిరిగి వస్తుంటుంది, ముక్కలుగా వింటే అది తిరిగొచ్చిందని కూడా తెలియదు.

చివర్లో ఒక ఆడగొంతు కలుస్తుంది, అది ఆయన భార్య ఈడీ బ్రికెల్. ఆఖరి భాగం 'వెయిట్'. ఆగు, నేనింకా సిద్ధంగా లేను అంటాడు. చావుతో మాట్లాడుతున్నాడని మనకి తెలుస్తూనే ఉంటుంది. ఆఖరి మాట ఆమెన్, ఇద్దరూ కలిసి అంటారు. అక్కడ వెంటనే ఇయర్‌ఫోన్స్ తీసేయకండి. ఒక్క రెండు నిమిషాలు అలాగే ఉండండి. ఏరోప్లేన్ మోడ్ పెట్టమన్నది ఆ రెండు నిమిషాల కోసమే.

కాపీరైట్ వల్ల ఇక్కడ వినిపించలేను. కోత మిషన్ కూడా ఆగినట్టుంది. ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేశాను, రికార్డింగ్ ఆపేస్తున్నానండి, వినాలి.