నా చేతిలో ఉందన్న నమ్మకం ఎలా పుడుతుంది, ఎలా పోతుంది

అందరికీ నమస్కారం.

రెండు నెలల పసిబిడ్డ పడుకుని ఉంది. పైన ఒక బొమ్మ వేలాడుతోంది. తలగడలో ఒత్తిడిని పసిగట్టే ఏర్పాటు ఉంది కాబట్టి బిడ్డ తల కాస్త కదిపితే చాలు, బొమ్మ తిరుగుతుంది. జాన్ ఎస్. వాట్సన్, క్రెయిగ్ రేమీ 1972లో ప్రచురించిన ప్రయోగం ఇది. రోజుకు 10 నిమిషాల చొప్పున 14 రోజులు సాగింది. ఇంకో గుంపు పిల్లలకూ బొమ్మ తిరుగుతూనే ఉంది గానీ, దానికి వాళ్ల కదలికతో పనిలేదు. మొదటి గుంపు పిల్లలు రోజులు గడిచేకొద్దీ తల కదపడం పెంచారు. ఆ బొమ్మను చూసి కేరింతలు కొడుతున్నారని, నవ్వుతున్నారని తల్లులు చెప్పారు. రెండో గుంపులో తల కదపడం పెరగలేదు. తేడా అల్లా, బొమ్మ తిరగడం తమ వల్లేనా కాదా అన్నదే.

చదువు చెప్పేవాళ్లు, పిల్లల్ని పెంచేవాళ్లు, పెద్దలకు పని నేర్పేవాళ్లు ఇక్కడ ఉన్నారు. "వీడికి శ్రద్ధ లేదు", "ఈమెకు పట్టుదల లేదు" అన్న మాట మనందరి నోటా వస్తుంది. అందులో చాలా భాగం శ్రద్ధ లోపం కాదని నా నమ్మకం. తాను చేసినదానికీ తనకు వచ్చినదానికీ మధ్య లంకె ఆ మనిషికి కనబడటం లేదు. కనబడని లంకెను ఉపదేశంతో చూపలేం. పనిని అమర్చే తీరు మార్చి చూపాలి.

ఈ విషయాన్ని కొలవడానికి ప్రయత్నించినవారిలో మనస్తత్వవేత్త జూలియన్ రాటర్ పేరు ముందు చెప్పుకోవాలి. 1966లో ఆయన ప్రచురించిన ప్రశ్నావళిలో 29 జతల వాక్యాలున్నాయి. ప్రతి జతలో ఒకటి ఎంచుకోవాలి. ఫలితం నా ప్రయత్నం వల్ల వస్తుందా, అదృష్టం వల్లో పైవాళ్ల వల్లో వస్తుందా అన్నది సారాంశం. వాటిలో 23 జతలకే మార్కులు; మిగతా 6 దేన్ని కొలుస్తున్నారో పసిగట్టకుండా కలిపినవి. పరిశోధనకు ఇది బాగా ఉపయోగపడింది. కానీ ఒక పిల్లవాడి గురించి నిర్ణయం తీసుకోవడానికి ఇలాంటి మొత్తం మార్కు సరిపోదు. ఆటలో "నేను సాధన చేస్తే గెలుస్తా" అనే పిల్లే లెక్కల దగ్గర "నాకు రాదంతే" అనగలదు. అందుకే అడిగేటప్పుడు ఆ పని గురించే అడగండి: "ఈ పది లెక్కల్లో ఎన్ని చేయగలవు? రాకపోతే ఎందుకు రాదు?"

ఇప్పుడు కాస్త ఆగి చెప్పుకోవాల్సిన విషయం. 1967లో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మాయర్ 24 కుక్కల్ని మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకు కరెంటు షాక్ ఇచ్చినా, తలతో పలక నొక్కి ఆపుకునే వీలుంది. రెండో గుంపుకూ అంతే షాక్, అంతే సేపు. కానీ అవి ఏం చేసినా ఆగదు, మొదటి గుంపు సగటున ఎంతసేపట్లో ఆపిందో అంతసేపు సాగి దానంతటదే ఆగుతుంది. మూడో గుంపుకు షాక్ లేదు. తర్వాత వీటన్నిటినీ అడ్డుగోడ దూకితే తప్పించుకోగలిగే పెట్టెలో పెట్టారు. మొదటి, మూడో గుంపులు త్వరగా దూకడం నేర్చుకున్నాయి. రెండో గుంపులో ఎక్కువ భాగం చతికిలబడ్డాయి. బాధ పరిమాణం ఒకటే కాబట్టి, చతికిలబడటానికి కారణం బాధ కాదు, తమ చేతిలో లేకపోవడం. "నేర్చుకున్న నిస్సహాయత" అన్న మాట అలా స్థిరపడింది.

దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2016లో, ఆ ఇద్దరే తమ వివరణను తలకిందులు చేశారు. మెదడుపై జరిగిన పరిశోధన చూశాక వాళ్లు చెప్పింది ఇది: విడవకుండా బాధ కలిగితే చతికిలబడటం నేర్చుకోనక్కర లేకుండానే వస్తుంది. మెదడు కాండంలోని ఒక కేంద్రం, డోర్సల్ రఫే, ఆ పని చేస్తుంది. "నేను చేస్తే ఇది ఆగుతోంది" అని తేలినప్పుడు మెదడు ముందుభాగం ఆ కేంద్రాన్ని అణచిపెడుతుంది. అంటే నేర్చుకునేది నిస్సహాయతను కాదు, అదుపును: ఫలితం తన చేతిలో ఉందన్నదాన్ని. బోధకుడికి ఇది చాలా పెద్ద మార్పు. పిల్లవాడిలోంచి నిస్సహాయతను తీసేయడమెలా అని తల బద్దలుకొట్టుకోనక్కర లేదు. అదుపును అనుభవంలో చూపించడమెలా అని ఆలోచించాలి.

మనుషుల్లో అదుపు వాడకపోయినా ఉందని తెలిస్తే చాలు. డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ కొందరికి ఉన్నట్టుండి పెద్ద రొద వినిపించారు. కొందరికి మాత్రం ఒక మీట ఇచ్చి, "కావాలంటే ఆపుకోవచ్చు, ఆపకపోతే మాకు ఇష్టం" అన్నారు. మీట ఉన్నవాళ్లలో దాదాపు ఎవరూ నొక్కలేదు. ఆ తర్వాత సాధ్యంకాని పజిళ్లు ఇస్తే, వాళ్లే ఎక్కువసేపు పట్టువదలకుండా ప్రయత్నించారు. అచ్చుతప్పులు దిద్దే పనిలోనూ తక్కువ పొరపాట్లు చేశారు.

అయితే సులువైన పనులిచ్చి గెలిపిస్తే సరిపోతుందా? సరిపోదు. 1975లో కేరల్ డ్వెక్, ఓడిపోగానే చేతులెత్తేసే 12 మంది పిల్లలతో 25 విడతలు పని చేసింది. సగంమందికి విజయాలే ఇచ్చింది. మిగతా సగానికి ఎక్కువగా విజయాలు, మధ్యమధ్య కొన్ని ఓటములు ఇచ్చి, ఓడినప్పుడల్లా కారణం ప్రయత్నం చాలకపోవడమేనని చెప్పించింది. చివర్లో ఓటమి ఎదురైనప్పుడు, విజయాలే చూసిన పిల్లలు మళ్లీ కుప్పకూలారు. రెండో గుంపు నిలబడింది. ఓటమిని చూడనివాడికి ఓటమి తర్వాత ఏం చేయాలో తెలిసే అవకాశమే లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. "ఇంకా కష్టపడు" అన్న మాట, అప్పటికే కష్టపడినవాడికి చెబితే అవమానంలా తగులుతుంది. కష్టపడినా రాలేదంటే తనకు తెలివి లేదనుకుంటాడు. మనస్తత్వవేత్త బెర్నార్డ్ వైనర్ చెప్పినట్టు కారణం లోపలిదా బయటిదా అన్నదొక్కటే చాలదు. మార్చగలిగేదా కాదా అన్నది చూడాలి. తెలివితక్కువ అన్నది లోపలి కారణమే, అయినా చేతిలో లేదనిపిస్తుంది. కాబట్టి పద్ధతి వైపు వేలు చూపాలి.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. 402లోంచి 157 తీసేయమంటే పిల్ల 355 వేసింది. సరైనది 245. ఎర్ర గీత కొట్టి "చూసి చెయ్యి" అని రాస్తే ఆమెకు దొరికేది ఏమీ లేదు. అంకెలు చూడండి: 2, 7 దగ్గర 5; 0, 5 దగ్గర 5; 4, 1 దగ్గర 3. పై అంకె ఏదైనా సరే, ప్రతిచోటా పెద్దదాంట్లోంచి చిన్నది తీసింది. ఆమె పొరపాటుకు ఒక నియమం ఉంది, దాన్ని కచ్చితంగా పాటించింది కూడా. అదే చెప్పండి: "నువ్వు ప్రతి వరసలో ఒకే పద్ధతి వాడావు. పై అంకె పెద్దదైనచోట అది పనిచేస్తుంది, చిన్నదైతే చేయదు. అక్కడ పక్క స్థానం నుంచి తెచ్చుకోవాలి." తర్వాత అలాంటివే నాలుగు లెక్కలు, వాటిలో ఒకటి మధ్యలో సున్నా ఉన్నది, వెంటనే ఇవ్వండి. జవాబు మరుసటి వారం కాదు, అక్కడికక్కడే తెలియాలి. ఆలస్యమైతే ఏ అడుగు వల్ల ఏం మారిందో ఆమెకు గుర్తుండదు.

పని పరిమాణం కూడా ఇంతే ముఖ్యం. ఆల్బర్ట్ బండూరా, డేల్ షంక్ 1981లో తీసివేతల్లో వెనకబడ్డ పిల్లలకు 42 పేజీల పాఠం ఇచ్చారు. కొందరితో "ప్రతి విడతలో కనీసం 6 పేజీలు" అన్నారు. కొందరితో "7 విడతలు ముగిసేసరికి 42" అన్నారు. పని అంతే. కానీ దగ్గరి లక్ష్యం ఉన్న పిల్లలే లెక్కల్లోనూ, తమ సామర్థ్యంపై నమ్మకంలోనూ, తర్వాత తమంత తాము లెక్కలు చేయడానికి చూపిన ఆసక్తిలోనూ ముందున్నారు. దూరపు లక్ష్యం వల్ల లాభం దాదాపు కనబడలేదు.

ఎంపిక ఇవ్వడం గురించి రెండు మాటలు. డయానా కార్డోవా, మార్క్ లెపర్ 1996లో చూపినట్టు, లెక్కల ఆటలో తన బొమ్మ, పేరు వంటి పైపై విషయాలు ఎంచుకోనిచ్చినా పిల్లలు మరింత నేర్చుకున్నారు. అయితే ఎంపిక అందరికీ ఒకేలా పనిచేయదు. షీనా అయ్యంగార్, లెపర్ 1999లో చేసిన పరిశోధనలో ఆసియా మూలాలున్న అమెరికన్ పిల్లలు, పనిని తల్లి ఎంచిందని చెప్పినప్పుడే బాగా చేశారు. తనవాళ్ల ఎంపికను తనదిగా భావించే పిల్లకు ఒంటరి ఎంపికే గొప్పదని రుద్దడం పొరపాటు.

ఇచ్చిన అదుపును తీసేసుకోవడం మాత్రం ప్రమాదం. రిచర్డ్ షుల్జ్ 1976లో వృద్ధాశ్రమంలో కొందరికి, విద్యార్థులు తమను చూడటానికి ఎప్పుడు రావాలో ఎంచుకునే హక్కు ఇచ్చాడు. ఆ సమయంలో వాళ్ల ఆరోగ్యం, ఉత్సాహం మెరుగుపడ్డాయి. పరిశోధన ముగిసి సందర్శనలు ఆగిపోయాక వాళ్ల స్థితి దిగజారింది. ఏడాది చివర్లో మానేసే పథకం పెట్టేముందు, తర్వాత ఆ జాగాలో ఏం మిగులుతుందో ఆలోచించండి.

లేని అదుపు ఉందని చెప్పడమూ హాని చేస్తుంది. ఎలెన్ లాంగర్ 1975లో చూపింది: తమ లాటరీ టికెట్టు తామే ఎంచుకున్నవాళ్లు, గెలిచే అవకాశం మారకపోయినా, దాన్ని వదులుకోవడానికి చాలా ఎక్కువ ధర అడిగారు. చదువులో ఫలితం ఎన్నో చేతుల మీదుగా వస్తుంది: పరీక్ష కష్టం, పోటీ, ఆరోగ్యం, ఇంట్లో వసతి. "అంతా నీ చేతిలోనే ఉంది" అంటే, ఓడిన రోజున ఆ పిల్ల తన వల్ల కానిదానికీ తననే నిందించుకుంటుంది. అందుకే పరీక్ష ముందు ఫలితాన్ని ముక్కలు చేయాలి: ర్యాంకు నీ చేతిలో లేదు, రోజూ ఎన్ని పాత ప్రశ్నలు గడియారం పెట్టుకుని చేయాలన్నది ఉంది.

ఇది పనిచేస్తోందా అని తెలుసుకోవడానికి ఖరీదైన సాధనం అక్కర లేదు. ప్రతి పని ముందు "ఎన్ని సరిగ్గా వస్తాయనుకుంటున్నావు?" అని రాయించండి, తర్వాత నిజంగా వచ్చినవి పక్కన రాయించండి. నాలుగైదు విడతల్లో ఆ రెండు అంకెలూ దగ్గరైతే, తన ప్రయత్నానికీ ఫలితానికీ ఉన్న లంకె ఆ మనిషికి కనబడుతున్నట్టే. దగ్గర కాకపోతే పిల్లను తిట్టొద్దు. పని ముక్క పెద్దదిగా ఉందేమో, జవాబు ఆలస్యంగా అందుతోందేమో చూడండి. ముందు ముక్కను సగం చేసి మళ్లీ రాయించండి.