మాను గాయం మానదు: తుఫానుకు ముందు చెట్టు తల కొట్టించేవాళ్ల కోసం

నమస్కారం. సెప్టెంబరు వచ్చిందంటే మా ఒడిశాలో బరంపురం కోర్టుపేట నుంచి పర్లాకిమిడి దాకా వీధివీధినా ఒకటే చప్పుడు. ఒకరు కత్తి పట్టుకుని వేపచెట్టెక్కుతారు. కింద ఇంటాయన నిలబడి "పైదంతా కొట్టీ బాబూ, మళ్లీ ఫైలిన్ లాంటిదొస్తే ఇంటిమీద పడిపోద్ది" అంటాడు. సాయంత్రానికి చెట్టు పోయి నాలుగు మొండి చేతుల స్తంభం మిగులుతుంది. ఇంటాయన నిశ్చింతగా పడుకుంటాడు.

ఆయన భయం ఉత్తినే పుట్టలేదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 200 కిలోమీటర్లు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ఊడ్చేసింది. భయం సరైనదే, వేసిన మందే తప్పు. తల కొట్టించిన చెట్టు రెండుమూడేళ్లలో ముందుకన్నా ప్రమాదంగా తయారవుతుంది. ఎందుకో చూద్దాం.

[తెర మీద: నిలువునా కోసిన మాను, లోపల నల్లటి చార]

మన ఒంటిమీద గాయమైతే కొత్త చర్మం వచ్చి మానిపోతుంది. మాను మాత్రం మానదు. పేరే మాను, గాయం మానదు! పాడైన చెక్క మళ్లీ బాగవదు. చెట్టు చేయగలిగిందల్లా ఆ చోటును లోపల మూసేసి, బయట కొత్త చెక్క పెంచుకోవడం. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త వేల మానులను నిలువునా కోసి చూసి, చెట్టు కుళ్లు చుట్టూ నాలుగు గోడలు కట్టుకుంటుందని 1977లో వివరించారు.

కాబట్టి చెట్టును పాత పెంకుటిల్లనుకోండి. ఒక గదిలో చెద పట్టింది. చెదను చంపే మందు లేదు. ఇంట్లోవాళ్లు ఆ గది తలుపేసి, ఇటుకలు పేర్చి, మిగతా ఇంట్లో కాపురం చేస్తారు. మరి తలుపు వేయాలంటే ఏం కావాలి? గుమ్మం కావాలి.

[దగ్గరగా: కొమ్మ మొదలు]

ఇదే ఆ గుమ్మం. కొమ్మ మానుకు అతుక్కున్నచోట పైన బెరడు మడత పడుతుంది. కింద కొంచెం బొద్దుగా ఉబ్బి ఉంటుంది. కొమ్మ పోయినప్పుడు మూసుకోవడానికి కావలసిన సరంజామా ఈ ఉబ్బులోనే ఉంటుంది. ఉబ్బుకు సరిగ్గా బయట కోస్తే ఒకట్రెండేళ్లలో గాయం చుట్టూ గుండ్రంగా గాజులాంటి అంచు పెరుగుతుంది. అంటే తలుపు పడుతోందన్నమాట.

మానుకు ఆనించి నున్నగా కోశారా, గుమ్మాన్నే పీకేశారు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, మేస్త్రీకి మెప్పు కూడా వస్తుంది, కుళ్లు మాత్రం నేరుగా మానులోకి దిగుతుంది. జానెడు మొండెం వదిలేశారా, గుమ్మానికి అడ్డంగా మంచం పెట్టినట్టే. అది ఎండి రాలిపోయేదాకా తలుపు పడదు, ఈలోగా పుట్టగొడుగులు ఆ మంచమెక్కి లోపలికి నడుస్తాయి.

ఇక తల కొట్టడం. మాను మధ్యలో ఎక్కడబడితే అక్కడ నరికితే అక్కడ గుమ్మమే లేదు. పైకప్పు లేపేసి వాన కురిపించినట్టే. పైనుంచి కిందికి కుళ్లు మొదలు. ఆకులు పోయాయి కాబట్టి తిండీ లేదు. ఆకలికి బెరడు కింద నిద్రపోతున్న మొగ్గలన్నీ ఒక్కసారి లేచి చీపురుకట్టలా పొడవాటి రెమ్మలు వేస్తాయి. మామూలు కొమ్మ మాను లోపలి నుంచి పుట్టుకొస్తుంది, దూలంలా. ఈ రెమ్మలు పైపొరకు అతికినవి, స్తంభాల్లేని రేకుల షెడ్డు. రెండుమూడేళ్లలో పాత ఎత్తుకు చేరతాయి, కింద అతుకు మాత్రం కుళ్లు మీద ఉంటుంది. ఆ అక్టోబరులో మొదట ఎగిరేవి ఈ రేకులే.

మరి ఏం చేయాలి? కత్తి పక్కన పెట్టి రంపం తెప్పించండి. కత్తితో నరికితే చెక్క చీలుతుంది. ఒడియాలో డాళొ అన్నా, తెలుగులో కొమ్మ అన్నా కోసేవాడికి ఈ మూడు కోతలు ముందే చెప్పి ఎక్కించండి.

మొదటి కోత ఉబ్బుకు ఒక అడుగు దూరంలో, కొమ్మ కిందివైపు నుంచి పైకి, మందంలో మూడోవంతు దాకా. రెండోది అక్కణ్ణించి రెండంగుళాలు బయటికి, పైనుంచి కిందికి. కొమ్మ విరిగి పడుతుంది. మిగిలిన మొండేన్ని చేత్తో పట్టుకుని ఉబ్బుకు బయట మూడో కోత. మొదటి కోత ఎగ్గొడితే కొమ్మ బరువుకు బెరడు మాను పొడవునా చీలి, గుమ్మాన్ని కూడా ఊడబెరుక్కుపోతుంది.

ఎత్తు తగ్గించి తీరాలంటే, పక్కకు పోయే ఇంకో కొమ్మ దగ్గర కోయండి. ఆ పక్క కొమ్మ లావు, కోసేదాంట్లో కనీసం మూడోవంతు ఉండాలి. లేకపోతే అది పెత్తనం తీసుకోలేదు. ఏడాదిలో పచ్చి ఆకులో నాలుగో వంతు మించి తీయకండి. లోపలి చిన్నకొమ్మలన్నీ గీకేసి చివర్లలో కుచ్చులు వదలడమూ తప్పే, బరువంతా చివరికి చేరి కొమ్మ ఊగి విరుగుతుంది.

కోసినచోట పెయింటు, తారు, సిమెంటు వద్దు. తొర్రలో సిమెంటు నింపడం నాకు ఎప్పటికీ అర్థంకాని సరదా. గాలికి చెట్టు ఊగుతుంది, సిమెంటు ఊగదు, లోపలి గోడను రుద్ది పగలగొడుతుంది. మామిడికి మాత్రం ఎండుతెగులు రాకుండా బోర్డో పేస్టు పూయొచ్చు. లీటరు నీళ్లకు 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం, ప్లాస్టిక్ బకెట్లలోనే విడివిడిగా కరిగించి కలపాలి. మామిడి కత్తిరింపు కాయ కోశాక, జూన్-జూలైలో. ఎండుకొమ్మ ఎప్పుడైనా తీయొచ్చు. తుఫాను హెచ్చరిక వచ్చాక మాత్రం ఎక్కొద్దు, కోసి పడేసిన కొమ్మలే గాలికి లేచి కిటికీల మీద పడతాయి.

టైమైపోతోంది, వేర్ల సంగతి గబగబా. ఎక్కువ వేర్లు పైన రెండడుగుల మట్టిలోనే ఉండి, కొమ్మల నీడ దాటి పోతాయి. రోడ్డువైపు కాలువ తవ్వి ఆ వేర్లు తెంపితే, అటునుంచి కొట్టే గాలికి చెట్టు మీ ఇంటివైపు ఒరుగుతుంది. మాను అడ్డుకొలత ఒక అడుగుంటే కనీసం ఐదారడుగుల లోపల గునపం పడకూడదు. మొదలు చుట్టూ సిమెంటు పోసుంటే కనీసం మీటరు మేర పగలగొట్టించండి. ఢిల్లీలో 2013లో పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇదే చేయమంది.

కొబ్బరికి ఈ గుమ్మం లెక్క చెల్లదు. దానికి ఉన్నది ఒకే మొవ్వు, అది కొడితే చెట్టు చచ్చినట్టే. మానుకు నరికిన మెట్లూ మూసుకోవు. ఎండుమట్టలు, ముదురు గెలలు తీస్తే చాలు.

ఇప్పటికే తల కొట్టించేసినవాళ్లు మొండెం మొండేనికీ బలమైన రెమ్మలు రెండుమూడు ఉంచి, మిగతావి మూడేళ్ల మీద కొన్నికొన్నిగా తీయించండి. కొమ్మ కరెంటు తీగకు తగులుతుంటే ఎవర్నీ ఎక్కించకుండా కరెంటాఫీసుకు ఫోన్ చేయండి. రెండు పెద్ద కొమ్మల మధ్య బెరడు ఇరుక్కున్న ఇరుకు సందులు ఎలా పసిగట్టాలో వచ్చే వీడియోలో.