మనిషి లేని లోడు బండి

వేదిక మీదున్న పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, పొద్దున్నుంచి ఓపిగ్గా కూర్చున్న పిల్లలకు నమస్కారం. సైన్స్ దినోత్సవం కదా, వ్యోమగాముల గురించి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. క్షమించాలి, నేను వాళ్లకు సరుకు మోసే బండ్ల గురించి చెబుతాను.

మా నాన్న లారీ డ్రైవరు. నెల్లూరు నుంచి మద్రాసుకు బియ్యం లోడు తోలేవాడు. నెల్లూరు బియ్యం బాగుంటాయని అందరూ అంటారు. తెచ్చినవాడు అన్నం తిన్నాడా అని ఎవరూ అడగలేదు. ఆ బాధ నాకింకా ఉంది. అందుకే మైకు దొరికితే ఈ సంగతే మాట్లాడతాను.

1978 జనవరి 20న సోవియట్ యూనియన్ ప్రోగ్రెస్-1 అనే సరుకు బండిని అంతరిక్షంలోకి పంపింది. లోపల మనిషి లేడు. రెండు రోజులకు తనంతట తానే వెళ్లి శాల్యూత్-6 అనే అంతరిక్ష స్టేషన్‌కు అతుక్కుంది. తిండి, ఇంధనం, ఇతర సామాన్లు కలిపి దాదాపు 2,300 కిలోల లోడు. ఆ లోడు అందబట్టే అక్కడున్న వ్యోమగాములు రొమానెంకో, గ్రెచ్కో 96 రోజులు ఉండగలిగారు, అమెరికన్ల 84 రోజుల రికార్డు దాటారు. రికార్డుల్లో వాళ్లిద్దరి పేర్లే ఉంటాయి.

తర్వాత జపాన్ కౌనోటోరి, యూరప్ ఏటీవీ, అమెరికా డ్రాగన్, సిగ్నస్, చైనా తియాన్‌ఝౌ వచ్చాయి. 2022 ఫిబ్రవరిలో ఒక సిగ్నస్‌ను రోబో చేత్తో ఒడిసిపట్టింది మన తెలుగు మూలాలున్న అమెరికా వ్యోమగామి రాజాచారి. ఏది ఎంత మోస్తుందో చార్టు రాసుకొచ్చాను గానీ, దాన్ని గోడకు అంటిస్తాను, చూసుకోండి. 1997 జూన్ 25 సంగతి చెప్పకుండా నేను వేదిక దిగలేను.

ఆ రోజు రష్యా వాళ్ల మీర్ అంతరిక్ష స్టేషన్‌లో ముగ్గురున్నారు. త్సిబ్లియెవ్, లజుత్కిన్, అమెరికా తరఫున వెళ్లిన మైకేల్ ఫోల్. ఏడు టన్నుల ప్రోగ్రెస్ బండిని ఆటోమేటిక్ వదిలేసి, చేత్తో నడిపి స్టేషన్‌కు అతికించమని కింద నుంచి చెప్పారు. త్సిబ్లియెవ్ ఎదురుగా ఒక టీవీ తెర. బండి కెమెరా పంపే బొమ్మలో కింద మేఘాలు, ఆ మేఘాల్లో ఎక్కడో చిన్నగా స్టేషన్. దూరం చెప్పే రాడార్ ఆపేసి ఉంది.

లారీ రివర్స్ చేసేటప్పుడు క్లీనర్ వెనక నిలబడి "రానీ, రానీ... హోల్డాన్" అని కేకేస్తాడు చూడండి. త్సిబ్లియెవ్‌కు ఆ కేక అందలేదు. కిటికీల్లోంచి వెతుకుతున్నవాళ్లకు బండి కనబడేసరికి మీదికొచ్చేసింది. స్పెక్టర్ అనే గదిని గుద్దింది. గాలి బయటికి పోతోంది, చెవులకు తెలుస్తోంది. ఆ గది మూసేద్దామంటే గుమ్మంలోంచి కేబుళ్లు! లజుత్కిన్ ఒక్కొక్కటీ ఊడబీకాడు. ఊడనిదాన్ని కత్తితో కోశాడు. గుమ్మానికి మూత అడ్డం పెడితే, బయటికి పోతున్న గాలే దాన్ని బిగించి పట్టింది. ముగ్గురూ బతికారు.

నింద ఎక్కువగా త్సిబ్లియెవ్ మీదే పడింది. రాడార్ లేకుండా తోలమన్నది ఎవరు? ముందు డ్రైవర్ని పట్టుకోవడం ఎక్కడైనా ఒకటే. మా నాన్న విషయంలోనూ ఒకసారి ఇలాగే జరిగింది. బ్రేకులు బాలేవని ముందే చెప్పాడు. అది చెప్పడం మొదలెడితే ఇవాళ ఆగను, వదిలేస్తున్నాను.

నాన్నకు రిటర్న్ లోడు దొరికితే ఇంట్లో పండగే. ప్రోగ్రెస్‌కు రిటర్న్ లోడు ఏంటో తెలుసా? స్టేషన్‌లోని చెత్త. అది నింపుకొని వచ్చి, పసిఫిక్ సముద్రం పైన గాల్లోనే కాలిపోతుంది.

పిల్లలూ, శ్రీహరికోట మనకు ఎంతో దూరం లేదు. 2024 డిసెంబర్ 30న అక్కడి నుంచి స్పేడెక్స్ జంట ఉపగ్రహాలు వెళ్లాయి, అంతరిక్షంలో ఒకదానికొకటి అతికించి చూసే ప్రయోగం కోసం. ఒక్కోటి 220 కిలోలు. అతికించే పని వాయిదా వేశారని ఎంతమంది విసుక్కున్నారో! నాకు మాత్రం సంతోషమేసింది. తొందరపడలేదు, 2025 జనవరి 16న అతికించారు. 2035 నాటికి మన సొంత స్టేషన్ అంటున్నారు. మొదట ఎక్కేదెవరు అని అందరూ అడుగుతున్నారు. అక్కడున్నవాళ్లకు నీళ్లు ఎవరు తీసుకెళ్తారు? ఆ పని నేను చేస్తానని మీలో ఒక్కరు చెప్పండి, నాకది చాలు.

బయట వరండాలో అట్టతో చేసిన డాకింగ్ మోడల్ పెట్టాను. ఫోన్ తెర మాత్రమే చూస్తూ బండిని రంధ్రంలోకి అతికించాలి. వరసలో రండి. పక్కనున్నవాళ్లు మొదటిసారి నోరు మెదపొద్దు. రెండోసారి "హోల్డాన్" అనండి.