డాబా మీద శని: 130 ఎంఎం టెలిస్కోప్‌తో మూడు వారాలు, వైజాగ్ తేమలో

అందరికీ నమస్కారం అండి. ముందే చెప్పేస్తున్నా, ఈ టెలిస్కోప్ నేను కొనలేదు. మూడు వారాలు వాడి తిరిగి పంపమని కంపెనీ వాళ్లు ఇచ్చారు, డబ్బులేమీ తీసుకోలేదు. 130 ఎంఎం అద్దం, 650 ఎంఎం ఫోకల్ లెంగ్త్, ఆ స్పెక్స్ అన్నీ మీరు ఈపాటికి చూసేసే ఉంటారు. నాకు శని గురించి మాట్లాడాలనుంది.

2025 మార్చిలో శనికి కొత్తగా 128 ఉపగ్రహాలను గుర్తించారని, మొత్తం 274 అయ్యాయని వార్త వచ్చింది కదా. అదే నెలలో శని వలయాలు సరిగ్గా అంచు మనవైపు ఉండేలా తిరిగాయి, ఇది దాదాపు 15 ఏళ్లకోసారి జరుగుతుంది. నవంబర్‌కి కూడా అవి సన్నగానే ఉన్నాయి. ఎంవీపీ కాలనీలో మా డాబా మీద, రాత్రి ఎనిమిదింటికి శని బాగా పైకి వచ్చాక, 10 ఎంఎం ఐపీస్ (కన్ను పెట్టి చూసే చిన్న లెన్స్) పెట్టి 65 రెట్లలో అమ్మకి చూపించాను. శనివారం నువ్వుల నూనె దీపం మానని మనిషి. చాలాసేపు కన్ను తీయలేదు. చివరికి "నిమ్మకాయకి సూది గుచ్చినట్టుందిరా" అంది. అచ్చం అలాగే ఉందండీ! పక్కనే ఓ చిన్న చుక్క, అది టైటన్. 274లో నాకు దొరికింది ఆ ఒక్కటే, కానీ ఆ వార్త చదివినప్పుడు కలగని పులకరింత ఆ చుక్కని చూసినప్పుడు కలిగింది. గెలీలియోకి 1610లో శనికి అటూ ఇటూ రెండు గుండ్రటివి కనిపించాయి, 1612లో చూస్తే అవి లేవు, ఆయనకి ఎందుకో అర్థం కాలేదు. ఆయన్ని తికమక పెట్టింది ఈ సూదే, అంటే అంచు మనవైపు తిరిగిన ఈ వలయాలేనండీ.

ఇక తేమ. వైజాగ్‌లో టెలిస్కోప్ కొనేవాళ్లకి ఈ మాట ఎవరూ ఎందుకు చెప్పరో నాకు తెలియదు. నా పాత 70 ఎంఎం దానికి లెన్స్ ముందు వైపే ఉండేది, సముద్రపు గాలికి అరగంటలో మసకబారిపోయేది, పైగా నడినెత్తిన ఉన్నవాటికి తిప్పితే ట్యూబ్ ట్రైపాడ్ కాళ్లకి తగిలేది. ఇందులో అద్దం గొట్టం అడుగున ఉంటుంది కాబట్టి మూడు వారాల్లో ఒక్కసారి కూడా దానికి తేమ పట్టలేదు. ట్యూబ్ బయట మాత్రం వేలితో గీస్తే నీళ్లు కారాయి. ఐపీస్‌కి పడుతుంది, దాన్ని చొక్కాతో తుడవకండి, కోటింగ్ పాడవుతుంది. వాడనప్పుడు జేబులో పెట్టుకోండి, ఒంటి వేడికి పొడిగా ఉంటుంది.

నాకు కోపం తెప్పించింది బాక్స్ మీద "500 రెట్లు" అని రాయడం. 130 ఎంఎంకి మంచి ఆకాశంలో కూడా 260 దాటితే మసకే. పిల్లల కోసం కొనే తల్లిదండ్రులు అది నమ్ముతారు, కంపెనీ వాళ్లకి ఈ మాట ఫోన్‌లో కూడా చెప్పాను.

నెబ్యులాల (అంతరిక్షంలో మసగ్గా కనిపించే వాయు, ధూళి మేఘాల) కోసమైతే సిటీలో కొనకండి, వీధి లైట్లు చూడనివ్వవు. 2014లో హుద్‌హుద్ తర్వాత కరెంటు లేని రాత్రుల్లో ఇదే డాబా మీద పాలపుంత కనిపించింది, మళ్లీ ఇక్కడ చూడలేదు. గ్రహాలకి, చంద్రుడికి అయితే కళ్లు మూసుకుని తీసుకోండి. శుక్రవారం ఇది తిరిగి పంపాలి, నిన్న నా డబ్బుతో ఇదే ఆర్డర్ పెట్టేశాను. వచ్చే ఏడాదికి వలయం కాస్త తెరుచుకుంటుంది, అమ్మకి మళ్లీ చూపించాలి.